మౌనికి వకాల్తా

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ చాలా చిన్నది. నన్నయ తెనిగించిన భాగంలోదే. కొందరు దొంగలు సొత్తు మూటలతో పారిపోతూ, వెనకాల రాజభటులు తరుముకొస్తుంటే ఒక ముని ఆశ్రమంలో దూరి, మూటలు లోపల దాచి, తామూ దాక్కున్నారు. ముని వాకిట్లో చెట్టు కింద చేతులు పైకెత్తి మౌనవ్రతంలో నిలబడి ఉన్నాడు. దొంగలెటు పోయారని భటులడిగితే పలకలేదు. లోపల వెతికితే సొత్తూ దొరికింది, దొంగలూ దొరికారు. వాళ్లతో పాటు నోరు విప్పని ఈ మనిషినీ రాజు ముందు పెడితే, రాజు అందరినీ ఒకే గాటన కట్టి శిక్ష వేసేశాడు. మునిని శూలానికెక్కించారు. ప్రాణం పోలేదు. ఎక్కించింది ఎవరినో తెలిశాక రాజు పరుగున వచ్చి కాళ్ల మీద పడ్డాడు. శూలం లాగబోతే రాలేదు, కోసేశారు. కొస మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది. ఆణిమాండవ్యుడన్న పేరు అలా వచ్చింది.

క్రిమినల్ జస్టిస్, పారాలీగల్ ప్రాక్టీస్ అనే పేర్లతో చదువులు మన దగ్గర ఆలస్యంగానే కాలేజీ మెట్లెక్కాయి. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో మొదటిదానికి పీజీ డిప్లొమా, రెండోదానికి డిప్లొమా ఉన్నాయి. ఎఫ్ఐఆర్ ఎవరు రాయాలి, అరెస్టు మెమో మీద ఎవరి సంతకం ఉండాలి, రిమాండ్ ఎన్ని రోజులు, బెయిలు దరఖాస్తు ఎక్కడ వేయాలి, ష్యూరిటీ ఇచ్చేవాళ్లు ఏ కాగితాలు తేవాలి: ఇలాంటి చదువు నిండా ఇవే. వీటిని చూసి పెదవి విరిచేవాళ్లు రెండు రకాలు. ధర్మం గురించి పెద్ద మాటలు మాట్లాడేవాళ్లు ఇది గుమాస్తా పని అంటారు. పని తెలిసిన ప్లీడరు గుమాస్తాలేమో ఈ మాత్రానికి కాలేజీ ఎందుకంటారు. ఇద్దరూ ఒకే నమ్మకం మీద నిలబడి మాట్లాడుతున్నారు. న్యాయం ఎక్కడో పైన ఉంటుందని, ఈ కాగితాలన్నీ దాని ఊరికి తీసుకెళ్లే బండి లాంటివని, బండి గురించి బండివాడికి తెలిస్తే చాలని. ఆ నమ్మకం తప్పని నా వాదన. మనుషులకు అందగలిగే న్యాయం ఆ కాగితాల్లోనే ఉంది. అవి ఎందుకలా ఉండాలో ఆలోచించడం నీతిశాస్త్రంలో మెట్టవేదాంతం కాని భాగం.

మాండవ్యుడి కథలో రాజు దుర్మార్గుడు కాడు. తప్పు తెలిసిన క్షణాన సింహాసనం వదిలి పరిగెత్తుకొచ్చినవాడు. సాక్ష్యం కూడా తీసిపారేసేది కాదు. సొత్తు దొరికింది, దొంగలు ఆ ఆవరణలోనే దొరికారు, అడిగితే మనిషి నోరు మెదపలేదు. ఇంతకన్నా పలచటి ఆధారాలతో ఇవాళ కేసులు కడుతున్నారు. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం కూడా, దొంగతనం జరిగిన కొద్దికాలానికే సొత్తు ఎవరి దగ్గర దొరికితే అతను దొంగ అనో, దొంగసొత్తని తెలిసి పుచ్చుకున్నవాడనో కోర్టు అనుకోవచ్చంటుంది. కాకపోతే ఒక చిన్న మెలిక పెట్టింది: అది తన దగ్గరికెలా వచ్చిందో అతను చెప్పుకోలేకపోతేనే. ఆ మెలికలో ఎంత పని దాగి ఉందో చూడండి. చెప్పుకోమని ఎవరో అడగాలి, అతనికి అర్థమయ్యే భాషలో అడగాలి, చెప్పింది రాసుకోవాలి, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదో కనుక్కోవాలి. నేర స్థలానికి ఒక రఫ్ స్కెచ్ గీసి ఉంటే మూటలు ఇంటి లోపల, మనిషి వాకిట్లో ఉన్న సంగతి, మధ్యలో ఎన్ని అడుగుల దూరమో కాగితం మీదికి వచ్చేది. దొంగల్ని విడిగా కూర్చోబెట్టి ఇతను మీవాడేనా అని అడిగి వాంగ్మూలం తీసుకుంటే మరొకటి తేలేది. రాజుకు దయ ఉంది, ధర్మబుద్ధి ఉంది, భయభక్తులూ ఉన్నాయి. పంచనామా లేదు. ఆ కథలో ముని ఒంట్లో దిగిన ఇనుము అక్కడి నుంచి వచ్చింది.

మాండవ్యుడి మౌనం వ్రతం. మన జైళ్లలో ఉన్న మౌనం వేరు. భాష రాకపోవడం, చదువు లేకపోవడం, ఎవరిని అడగాలో తెలియకపోవడం. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అంటే 75.8 శాతం. వీళ్ల కోసం చట్టంలో ఒక గడువుంది. అరెస్టయిన మనిషి మీద మామూలు నేరాలకు 60 రోజుల్లో, పెద్ద నేరాలకు 90 రోజుల్లో దర్యాప్తు ముగించి ఛార్జిషీట్ వేయకపోతే బెయిలు అతని హక్కవుతుంది. నేరం ఎంత ఘోరమైనదన్న చర్చే రాదు. అయితే ఆ హక్కు దానంతటది నడిచి రాదు, అడిగితేనే వస్తుంది. గడువు దాటిన మర్నాడు ఎవరూ అడగలేదనుకోండి, ఆ పై రోజు ఛార్జిషీట్ కోర్టులో పడిందనుకోండి, ఇక ఆ హక్కు లేదు. నోరున్నవాడు ఇంటికి పోతాడు, నోరులేనివాడు లోపలే ఉంటాడు. ఇద్దరి నేరమూ ఒకటే కావచ్చు. 2017లో రాకేశ్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ అన్యాయాన్ని కొంత సరిదిద్దింది. కాగితం లేకుండా నోటితో అడిగినా చాలంది, హక్కు ఉందని నిందితుడికి మెజిస్ట్రేటే చెప్పాలంది. అయినా ఎవరో ఒకరు రోజులు లెక్కపెట్టాలి కదా. జైలు వారంటు వెనక వాయిదా తేదీలు ఒకదాని కింద ఒకటి రాసుంటాయి, కొన్ని అంకెలు ముద్దర కింద అలుక్కుపోయి ఉంటాయి. వాటిని విడమర్చి చదివి, మొదటి రిమాండ్ తేదీ నుంచి వేళ్ల మీద లెక్కపెట్టే మనిషి చేస్తున్న పని చూడ్డానికి కూడికల లెక్కలా ఉంటుంది. ఆ లెక్క తేలితే ఒక తల్లి కొడుకు దసరాకి ఇంట్లో ఉంటాడు.

ఇలాంటి చిన్న పనులే రాజ్యాంగ సూత్రాలుగా మారిన సందర్భాలు మన న్యాయచరిత్రలో ఉన్నాయి. 1978 నాటి హోస్కాట్ కేసులో సమస్య ఏమంటే, హైకోర్టు తీర్పు కాపీ ఖైదీకి అందిందా లేదా అన్నది. జైలు అధికారులు ఇచ్చామన్నారు, అతను నాకు రాలేదన్నాడు. ఇచ్చినట్టు సంతకం ఉన్న రసీదు మాత్రం లేదు. ఈలోగా నాలుగేళ్లకు పైగా గడిచిపోయాయి. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ రసీదు లేకపోవడం మీదే పెద్ద భవనం లేపారు. తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలి, అందినట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి, అప్పీలుకు వెళ్లే స్తోమతు లేనివాడికి ప్రభుత్వమే వకీలును పెట్టాలి అన్నారు. ఆ ఖైదీ తన కేసు గెలవలేదు. రసీదు గెలిచింది. అదే ఏడాది మోతీరామ్ కేసు. తాపీపని చేసుకునే పేదవాడికి బెయిలు దొరికింది గానీ పది వేల రూపాయల ష్యూరిటీ కావాలన్నారు. అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీను చెల్లదన్నారు. సుప్రీంకోర్టు అతని సొంత పూచీకత్తు మీద, అదీ వెయ్యి రూపాయలకు, వదిలిపెట్టమంది. మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, ఆంధ్రుడో దూరదేశంలో పట్టుబడితే అక్కడ ఆస్తిపాస్తులున్న జామీనుదారుణ్ని ఎక్కణ్నించి తెస్తాడని ఆ తీర్పులో కృష్ణయ్యర్ నిలదీశారు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి పొట్ట చేతబట్టుకుని వలసపోయే కూలీల సంగతి తెలిసినవాళ్లకు ఆ ప్రశ్న పుస్తకాల్లోదిగా అనిపించదు. న్యాయ సహాయం మీద 1973లో తాను నడిపిన కమిటీ నివేదికకు ఆయన పెట్టిన పేరులోనే ప్రక్రియ అన్న మాట ఉంది. ప్రజలకు న్యాయం చేరవేసేది ప్రక్రియేనని ఆయనకు ముందే తెలుసు.

న్యాయం అన్న మాట మనకు రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి కోర్టు, రెండోది తర్కం. గౌతముడి న్యాయదర్శనం నీతి గురించి మొదలవదు. దేన్నయినా నిజమని ఎలా తెలుసుకుంటామన్న ప్రశ్నతో మొదలవుతుంది. తెలుసుకోవలసిన పదహారు పదార్థాల పట్టికలో మొదటిది ప్రమాణం, రెండోది ప్రమేయం, మూడోది సంశయం. నిర్ణయం తొమ్మిదోది. సంశయించి, ఇటు పక్షాన్నీ అటు పక్షాన్నీ తూచి నిలబెట్టుకున్నదాన్నే అక్కడ నిర్ణయం అంటారు. వాదానికీ, గెలుపు కోసం చేసే జల్పానికీ, తన పక్షం ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాణ్ని కూలదోసే వితండానికీ ఆ శాస్త్రం గీత గీసింది. వితండవాదం అన్న మాట మన వీధిలో తిట్టుగా మిగిలిందంటే ఆ తేడా జనానికి ఎంత అవసరమైందో అర్థమవుతుంది. పోలీసు పని, కోర్టు పని నేర్చుకునే పద్దెనిమిదేళ్ల పిల్లలకు నేను మొదట చెప్పమనేది ఈ వరసే: నిర్ణయం కంటే ముందు సంశయం ఉంది, దాన్ని దాటేయడానికి అడ్డదారి లేదు. ఛార్జిషీట్, బెయిలు దరఖాస్తు, క్రాస్ ఎగ్జామినేషన్ ఇవన్నీ ఆ సంశయానికి ప్రభుత్వం కట్టించిన గదులు.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి ఎదురవుతుంది. సంశయం ఉన్నచోట సరే, నిజం అందరికీ తెలిసినచోట ఈ తతంగం దేనికి? ఈ ఆక్షేపణ తెలుగునాట గాలిమాట కాదు. 2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలి మీద జరిగిన ఘోరానికి ఊళ్లన్నీ ఉడికిపోయాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వంతెన మీది నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లారు. దండం అంటే తెలుగులో శిక్షా ఉంది, నమస్కారమూ ఉంది. ఆ రోజు రెండూ ఒకటైపోయాయి. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని, చనిపోయినవారిలో ముగ్గురు నేరం నాటికి మైనర్లని అది తేల్చింది. ఆ నివేదికను పోలీసు అధికారులు హైకోర్టులో సవాలు చేశారు. ఆ వ్యాజ్యం సంగతి అలా ఉంచి ఒక్క వివరం చూద్దాం. ముగ్గురి వయసు. పూలు చల్లినవాళ్లకు అంతా తెలుసు, వయసు తెలియదు. మైనరైతే శిక్ష పడకూడదని నేను అనడం లేదు. పదహారు నిండినవారి ఘోర నేరాలకు 2015 నాటి బాలల న్యాయ చట్టం వేరే దారి పెట్టింది కూడా. కానీ ఆ దారి మొదలయ్యేది బడి రిజిస్టరులో పుట్టిన తేదీ చూడటంతో. ఒక పారాలీగల్ విద్యార్థి అరగంటలో అడగగలిగిన ప్రశ్నను అంత పెద్ద జనవాక్యం అడగలేకపోయింది. నిజం అందరికీ తెలుసనుకున్నచోట ఎవరూ ఏమీ అడగరు. మాండవ్యుడి రాజుకు కూడా నిజం తెలుసు.

ఆక్షేపణను ఇంకా గట్టిగా పెట్టవచ్చు. నిజంగానే అన్నీ తెలిసిన న్యాయమూర్తి ఉంటే అప్పుడైనా ప్రక్రియ అనవసరమే కదా? మనది తెలియనితనానికి వేసిన కట్టే కదా? మాండవ్యుడి కథ రెండో సగం సరిగ్గా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. నా లెక్కలో మొదటి సగం కంటే ఇదే గొప్పది. శూలం కొసతో తిరుగుతున్న ముని నేరుగా ధర్మదేవత అయిన యముడి దగ్గరికి వెళ్తాడు. పొరబడ్డ రాజును శపించడు, పొరబడే వీలే లేనివాణ్ని నిలదీస్తాడు: ఏం చేశానని నాకిది? యముడికి లెక్క తెలుసు. నువ్వు చిన్నప్పుడు పురుగుల్ని గడ్డిపుల్లతో గుచ్చి ఆడుకున్నావు, దాని ఫలం ఇది అంటాడు. వాస్తవంలో తప్పు లేదు. సాక్షులు అక్కర్లేదు. అయినా మాండవ్యుడు ఒప్పుకోడు. తప్పు చిన్నది, శిక్ష పెద్దది అంటాడు. తప్పో ఒప్పో తెలియని పసితనంలో చేసినది లెక్కకు రాదంటాడు. పద్నాలుగేళ్లు నిండేదాకా చేసినదానికి పాపం అంటదని అప్పటికప్పుడు కట్టడి చేస్తాడు, యముణ్ని మనిషిగా పుట్టమని శపిస్తాడు. యముడు విదురుడై పుట్టడానికి ఆ శాపమే కారణం. ఇవాళ మన చట్టం ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదంటుంది, ఏడు నుంచి పన్నెండు దాకా తెలివిడిని బట్టి చూడమంటుంది, పద్దెనిమిదిలోపు వారిని వేరే బోర్డు ముందు పెట్టమంటుంది. గీత ఎక్కడ గీయాలన్న ఆ తగువుకు ఇతిహాసంలో వాది మాండవ్యుడే.

ఈ సగం చెప్పేదేమిటి? సర్వజ్ఞుడైనా సరే, శిక్షించేవాడు కారణం చెప్పాలి, ఆ కారణం శిక్ష పడ్డవాడి ప్రశ్నకు నిలబడాలి. అంటే ప్రక్రియ మన అజ్ఞానానికి ఊతకర్ర మాత్రమే కాదు. శిక్ష అనుభవించేవాడు కర్రతో అదిలించే పశువు కాదని, కారణం అడగగల మనిషని ఒప్పుకోవడం అది. అరెస్టు చేసిన వెంటనే కారణం చెప్పాలని, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణంలో రాసుకున్నాం. ఎందుకు నన్ను పట్టుకున్నారు అన్న ప్రశ్నకు మనం కట్టిన అతి చిన్న గుడి అది. మన జనం నోట నలిగిన కర్మ సిద్ధాంతాన్ని కూడా ఈ కథ ఊరికే వదలదు. జైల్లో మగ్గేవాణ్ని చూసి వాడి ఖర్మ అంటాం, చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటాం, అక్కడితో చేతులు దులిపేసుకుంటాం. మాండవ్యుడు కర్మను కాదనలేదు. కర్మ లెక్క రాసేవాడిని లెక్క చూపించమన్నాడు, తప్పు పట్టాడు, దిద్దాడు. సంప్రదాయం మీద గౌరవం ఉన్నవాళ్లు ఖర్మ అన్న మాటతో ఫైలు మూయలేరు. ఆ సంప్రదాయంలోనే అప్పీలు ఉంది మరి.

లొసుగుల సంగతేమిటని అడిగేవాళ్లుంటారు. సాంకేతిక కారణాలతో దోషులు తప్పించుకుంటున్నారని, ప్రక్రియ పేరుతో కేసులు పదేళ్లు సాగుతున్నాయని. మొదటిది సగం నిజం. ప్రక్రియలో దొర్లిన ప్రతి పొరపాటుకూ కేసు కొట్టేయరు. దానివల్ల న్యాయం దెబ్బతింటే తప్ప శిక్షను రద్దు చేయకూడదని చట్టమే అంటుంది. తప్పించుకున్న కేసుల్లో చాలావాటికి కారణం ప్రక్రియ ఎక్కువ కావడం కాదు, ఎవరో దాన్ని ఎగ్గొట్టడం. స్టేషన్లో కూర్చుని రాసిన పంచనామా, పది కేసుల్లో సంతకం పెట్టిన పాత మధ్యవర్తే మళ్లీ సంతకం పెట్టడం క్రాస్‌లో రెండు నిమిషాల్లో బయటపడతాయి. రెండో మాట మాత్రం నేను తేలిగ్గా తీసుకోలేను. అమెరికాలో న్యూ హేవెన్ కింది కోర్టును పరిశీలించిన మాల్కం ఫీలీ 1979లో రాసిన పుస్తకం పేరే, ప్రక్రియే శిక్ష అని. తీర్పు ఎలా వచ్చినా సరే, వాయిదాల చుట్టూ తిరగడంలోనే మనిషి అరిగిపోతాడు. మన కోర్టుల వరండాల్లో టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, సాయంత్రం నాలుగింటికి ఇంకో తేదీ రాయించుకుని వెళ్లేవాళ్లకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. అంటే ప్రక్రియ వల్ల అన్యాయం జరగదని నేను అనలేను. అయితే విరుగుడు కూడా దాని లోపలే దొరుకుతోంది. కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు కానప్పుడు, మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడోవంతు జైల్లో గడిపితే విడుదలకు అర్హుడు. ఆ సంగతి కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. రాశారా లేదా అని చూడ్డానికి మళ్లీ ఒక మనిషి, ఒక పట్టిక, ఒక పెన్సిలు కావాలి.

ఇంతకంటే లోతైన ఆక్షేపణ ఒకటుంది. ప్రక్రియే దుర్మార్గమైనదైతే? మాండవ్యుడి కథలోనే ఆ విషం చుక్క ఉంది. ధర్మదేవతకు వేసిన శిక్ష ఏమిటంటే శూద్ర స్త్రీ కడుపున పుట్టడం. ఒక అన్యాయాన్ని దిద్దుతూ ఒక కులంలో పుట్టుకను శిక్షగా మార్చేసిన కథ ఇది. దీన్ని మెచ్చుకుంటూ ఆ వాక్యం కనబడనట్టు నటించడం నిజాయితీ కాదు. చరిత్రలో దీనికి చాలా పెద్ద రూపం ఉంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, 1911లో మద్రాసు రాజధానికి కూడా విస్తరించాక, తెలుగుదేశంలో ఎరుకలవారి వంటి జాతుల్ని పుట్టుకతోనే నేరస్తుల్ని చేసింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ అలా వెలిసిందే, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. అక్కడ కాగితాలకు కొదవలేదు. పేర్ల నమోదు, వేలిముద్రలు, హాజరు పట్టీ, ఊరు దాటితే పాసు. ప్రక్రియ పరంగా వేలెత్తి చూపడానికి లేదు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలన్న స్థాలీపులాక న్యాయం బియ్యానికి సరిపోతుంది. ఆ చట్టం దాన్ని మనుషుల మీద ప్రయోగించింది, ఒక మెతుకు చూసి కుండంతా దొంగ అంది. స్వతంత్రం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు.

అయితే ప్రక్రియ మీద నేను పెట్టుకున్న నమ్మకం ఇక్కడ కూలిపోవాలి కదా? కూలలేదు గానీ దానికొక షరతు వచ్చి చేరింది. 1871 చట్టంలో ఒక నిబంధన ఉంది: ఫలానా జాతి నేరజాతి అని ప్రభుత్వం ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ కోర్టూ ప్రశ్నించడానికి వీల్లేదు. ఇక్కడ దొరుకుతుంది తేడా. హాజరు పట్టీకీ అరెస్టు మెమోకీ కాగితంగా తేడా లేదు. ఒకదానిలో మనిషి పేరు పలుకుతారు, అతను ఉన్నానంటాడు, అంతే. రెండోదానిలో అతను ఎందుకని అడగడానికి చోటుంది. మాండవ్యుడు యముణ్ని అడిగిన ప్రశ్నకు తావివ్వని ప్రక్రియ ఎంత పద్ధతిగా ఉన్నా దాన్ని న్యాయం అనలేం. దీన్ని విద్యార్థి కేవలం చరిత్రగా చదవకూడదు. 2024 అక్టోబరులో సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు, జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఊడ్చే పని ఒక కులానికి, వంటపని ఒక కులానికి అని జైలు మాన్యువళ్లలో డెబ్బై నాలుగేళ్ల రాజ్యాంగం కళ్లెదుటే రాసి ఉంది. జైలు రిజిస్టర్లలో కులం గడిని తీసేయమని కూడా ఆ తీర్పు చెప్పింది. రిజిస్టరు నింపడం మాత్రమే నేర్చుకున్నవాడు ఆ గడిని కూడా పొందికగా నింపేవాడు. ఎందుకని అడగడం నేర్చుకున్నవాడి చేతిలో పెన్ను ఆ గడి దగ్గర ఆగేది.

గుమాస్తాల అభ్యంతరానికి జవాబు ఇక్కడే ఉంది, వాళ్ల మాటలో నిజం కూడా ఉంది. ఇరవై ఏళ్లు కోర్టు కాపీయింగ్ సెక్షన్ చుట్టూ తిరిగిన ప్లీడరు గుమాస్తాకు ఏ బెంచి క్లర్కు ఎప్పుడు సీట్లో ఉంటాడో తెలుసు, ఏ దరఖాస్తుకు ఎంత స్టాంపు అంటించాలో తెలుసు. ఏ డిప్లొమా ఆ తెలివిని ఇవ్వలేదు. సర్టిఫికెట్టు వచ్చిందని మనిషి మంచివాడైపోడు కూడా. 2009లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీర్ల పథకం పెట్టినప్పుడు లా డిగ్రీ ఉండాలనలేదు. అంగన్‌వాడీ కార్యకర్తలు, రిటైరైన టీచర్లు, చివరికి చాలాకాలంగా శిక్ష అనుభవిస్తున్న చదువుకున్న ఖైదీలు కూడా ఆ పని చేయవచ్చంది. తోటి ఖైదీకి అర్జీ రాసిపెట్టే ఖైదీ ఏ కాలేజీలో చదివాడు? కాబట్టి కాలేజీ ఒక్కటే దారి అని నేను అనడం లేదు. కాలేజీ పెట్టుకున్నాం గనక, పిల్లల కాలం తీసుకుంటున్నాం గనక, బయట దొరకనిది అక్కడ దొరకాలి. సెక్షన్ నంబర్లు ఎలాగూ మారతాయి. 2024 జులై 1న మూడు కొత్త చట్టాలు వచ్చేసరికి దేశమంతా కంఠస్థం చేసిన అంకెలు ఒక్క రాత్రిలో పాతబడ్డాయి. అంకె మాత్రమే తెలిసినవాడు ఆ ఉదయం సగం చదువు పోగొట్టుకున్నాడు. అరెస్టు మెమో మీద ఇంటివాళ్లదో ఊరివాళ్లదో సాక్షి సంతకం ఎందుకు ఉండాలో, డి.కె. బసు కేసులో కోర్టు దాన్ని ఎందుకు పట్టుబట్టిందో తెలిసినవాడికి అంకె మారినా పని మారలేదు. పరీక్షలో అరెస్టు మెమోలోని అంశాలు రాయుము అని అడుగుతున్నంతకాలం మొదటి రకం వాళ్లే తయారవుతారు. ఒక మెమో నకలు ఇచ్చి, ఇందులో సాక్షి సంతకం గడి ఖాళీగా ఉంది, దీనివల్ల ఎవరికి ఏం జరగవచ్చో రాయుము అని అడిగితే రెండో రకం వాళ్లకు అవకాశం ఉంటుంది.

శూలం కొస విషయం ఒకటి మిగిలింది. రాజు క్షమాపణ చెప్పాడు, ముని క్షమించాడు, ఇనుము మాత్రం ఒంట్లోనే ఉంది. కేసు కొట్టేసిన తర్వాత మన దగ్గర కూడా ఏదో ఒకటి ఉండిపోతుంది. పాస్‌పోర్టు వెరిఫికేషన్లో మళ్లీ పైకి తేలే పాత ఎఫ్ఐఆర్, ఏ కేసూ మిగలకపోయినా స్టేషన్ బీరువాలో కొనసాగే రౌడీషీట్. పండగకో ఎన్నికలకో కానిస్టేబులొచ్చి తలుపు తడతాడు. ఆ షీటు ఎందుకు తెరిచారో, ఏ కారణంతో ఇంకా ఉంచారో చెప్పమని ఎస్పీకి అర్జీ పెట్టవచ్చు, అక్కడ జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. కారణం లేకుండా నడుస్తున్న షీట్లను మూయమని తెలుగు రాష్ట్రాల హైకోర్టులు ఆదేశించిన సందర్భాలున్నాయి. అర్జీ ఒక పేజీకి మించదు. పైన తేదీ, పేరు, తండ్రి పేరు, కేసు నంబరు, కొట్టేసిన తేదీ, తీర్పు నకలు జతపరిచామని ఒక మాట. కింద మాండవ్యుడి ప్రశ్న.